మాట వినపడాలె

పోయిన నెల అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ముందు బండి ఆపడానికి చోటు వెతుకుతూ తలెత్తాను. ఉద్యోగాలొచ్చినవాళ్ళ ఫొటోలతో కొత్త ఫ్లెక్సీ కట్టారు. ఒక్కో ఫొటో తపాలా బిళ్ళంత, వరుసల మీద వరుసలు. మూడో వరుసలో ఆమె ఉంది. హాల్ టికెట్ కోసం దిగిన ఫొటో. నవ్వు లేదు. గడ్డం కాస్త పైకెత్తి, ఫొటో తీసేవాడితో కూడా పేచీ పెట్టుకునేలా చూస్తోంది.

ఆ మనిషి పక్కన ఏడాదిన్నర నిలబడి గిటార్ వాయించాను. ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. మా బ్యాండ్ రెండో ఆల్బమ్ మీద కూడా ఆమె తన పేరు వేయనివ్వలేదు. నా పేరు పక్కన గిటార్ అని, ఇమ్రాన్ పేరు పక్కన డ్రమ్స్ అని ఉంటుంది. ఆమెకు మాత్రం "గొంతు, బేస్" అని ఉంటుంది, పక్కన పేరుండదు. "పేరెందుకన్నా? మాట వినపడాలె, అంతే" అంది.

మేము వాయించే రకాన్ని పోస్ట్-పంక్ అంటారు. లావు తీగల బేస్ గిటార్ ముందు నడుస్తుంది. గిటార్ ఎక్కడో దూరంగా రేకు మీద గీసినట్టు వినిపిస్తుంది. పాడేవాళ్ళు రాగం తీయరు, చెబుతున్నట్టు పాడతారు. మొత్తం మీద మబ్బు పట్టిన సంగీతం. అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పాత జనరేటర్ గదిలో, ఆదివారం మధ్యాహ్నాలు నేనూ, నల్లకుంట నుంచి వచ్చే ఇమ్రానూ సాధన చేసుకునేవాళ్ళం. పాడే మనిషి లేక, చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర ఒక కాగితం అంటించాను. "పాడేవాళ్ళు కావాలి" అని రాసి, కింద మా అపార్ట్‌మెంట్ అడ్రస్ ఇచ్చాను.

ఆ ఆదివారమే వచ్చింది. సెల్లార్‌లోకి కార్లు దిగే వాలు దగ్గర చాలాసేపు నిలబడింది. చీకటికి భయపడుతోందనుకుని ఇమ్రాన్ ఫోన్ లైటు వేశాడు.

"లైట్ వద్దన్నా, కనపడ్తుంది" అంది.

పుస్తకాల సంచీ వీపుకు కాదు, పొట్టకు తగిలించుకునేది. అందులో పాలిటీ పుస్తకం, కరెంట్ అఫైర్స్ పత్రికలు, స్టీలు టిఫిన్ డబ్బా. గ్రూప్స్‌కు చదువుతోందట. ఏ ఊరని అడిగితే "పాలమూరు దిక్కు" అంది. ఎవరు ఎప్పుడడిగినా అంతే చెప్పేది, ఊరి పేరు చెప్పేది కాదు. అమ్మతో కలిసి అడిక్‌మెట్ దగ్గర ఒక బస్తీలో ఉంటుందని మాత్రం తర్వాత తెలిసింది.

పాడమన్నాం. చెప్పులు విడిచి గోడ పక్కన పెట్టి, బండల మీద వట్టి కాళ్ళతో నిలబడింది. వానాకాలంలో ఆ సెల్లార్ చెమ్మతో జిగటగా ఉండేది, అయినా ఏనాడూ చెప్పులతో పాడలేదు. కళ్ళు మూసుకోదు. చేతులూపదు. లైబ్రరీ ఆవరణలో పిల్లలు రాజ్యాంగంలోని అధికరణాలు బట్టీ పడుతుంటారు చూడండి, ఒకే శ్రుతిలో, ఊపిరి అందినంత దూరం, అచ్చం అలా పాడింది. ఆమె నిజంగానే అలా చదివేది. చదువూ పాటా ఆమెకు ఒకే గొంతులో వచ్చేవి.  "ఇదేరా మనకు కావాల్సింది" అని ఇమ్రాన్ చెవిలో అన్నాను.

"ఫీల్ మస్తుంది" అని ఆమెతో అన్నాను.

"ఫీల్ అంటే ఏంది? మాటలు సమజైనయా?"

కాలేదు. గిటార్ స్పీకరు పెట్టె హోరులో ఆమె మాటలు నాకు ఒక్కటీ అర్థం కాలేదు. అయినట్టు తలూపాను. ఆ తలూపడం ఏడాదిన్నర సాగింది.

నాలుగు నెలల్లో బేస్ నేర్చుకుంది. ఉన్న నాలుగు తీగల్లో రెండింటి మీదే వాయించేది. మిగతా రెండూ ఎందుకు ముట్టుకోవని ఇమ్రాన్ ఏడిపిస్తే, "ఈ రెండిట్ల ముచ్చట అయిపోతుంది గదా, ఇంకెందుకు?" అనేది. పాటను పాట అనేది కాదు. "ఇయ్యాల ఏ ముచ్చట చెప్దాం?" అనేది. మెచ్చుకుంటే ఎదురుదెబ్బ కాచుకున్నట్టు భుజాలు బిగించి, "అయితే ఏంది?" అనేది.

మొదటి ఆల్బమ్‌ను ఆ సెల్లార్‌లోనే రెండు మైకులతో రికార్డు చేశాం. గోడల ప్రతిధ్వని, వాటర్ పంపు గుర్రు, నా గిటార్ హోరు, అన్నీ కలిసి ఆమె గొంతు బావి అడుగు నుంచి వస్తున్నట్టుండేది. ఇంటర్నెట్‌లో పెడితే కొంతమందికి బాగా నచ్చింది. "ఏం చీకటి భయ్యా" అని రాశారు. నేను మురిసిపోయాను. ఆమె ఆ మెచ్చుకోళ్ళన్నీ చదివి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఒక్కరు గూడ ఏం చెప్పినవని అడుగలే అన్నా."

రెండో ఆల్బమ్ స్టూడియోలో చేయాలని పట్టుబట్టింది ఆమే. నేను వద్దన్నాను. సాఫు చేస్తే మన పాటలు షోరూములో నగల్లా అయిపోతాయి, చీకటంతా పోతుంది అన్నాను.

"లైట్ ఏసి చూస్తే బావి పూడ్తదా? లోతు ఇంక ఎక్కువ కనపడ్తది" అంది. ఇమ్రాన్ ఆమె వైపు చేరాడు. ఇద్దరి మాట ముందు నా మాట చెల్లలేదు.

స్టూడియో నారాయణగూడలో, ఫ్లైఓవర్ పక్క సందులో, ఒక టైలర్ షాపు పైన ఉండేది. నడిపే ఆయన్ని అందరూ సార్ అనేవారు. యాభై దాటిన మనిషి. అయ్యప్ప పాటలు, పెళ్ళి వీడియోలకు వ్యాఖ్యానాలు, ఎలక్షన్ ఆటోల్లో వేసే ప్రచారాలు, ఇవీ ఆయన పనులు. మా రకం సంగీతం అంతకుముందు విని ఎరగడు. మొదటిరోజు ఆమె ఒక పాట పాడి వినిపిస్తే, "ఈ బిడ్డ గొంతుల నూనె లేదు. మంచిగుంది. ఎట్లున్నదో గట్లనే రికార్డుల పడ్తం" అన్నాడు.

అలాగే రికార్డు చేస్తూ పోయాం. డ్రమ్ము ఒక రోజు, బేస్ ఒక రోజు, గిటార్ ఒక రోజు, ఎవరిది వాళ్ళకు విడిగా. ఇమ్రాన్ చెవిలో టిక్కు టిక్కుమని తాళం కొట్టే యంత్రం పెడితే, "గుండె తీసి గడియారం పెట్టిన్రు భాయ్" అని ఏడ్చాడు. అయినా వింటుంటే నాకే నోట మాట రాలేదు. ప్రతి దెబ్బా విడిగా, నున్నగా, చల్లగా వినిపిస్తోంది. చీకటి ఎక్కడికీ పోలేదు. ఆమె అన్నట్టే లోతు పెరిగింది.

ఒక మధ్యాహ్నం సార్ ఆమె గొంతు తప్ప మిగతావన్నీ ఆపేసి, హెడ్‌ఫోన్లు నాకు ఇచ్చాడు. "జర విను, ఊపిరి యాడన్న మైకుకు తగులుతుందేమో" అన్నాడు. ఆమె ఆ రోజు కోచింగ్‌కు వెళ్ళింది. ఆ పాట మేము సెల్లార్‌లో కనీసం నలభై ఆదివారాలు వాయించి ఉంటాం. దాని మాటలు అప్పుడే మొదటిసారి విన్నాను.

*ఎనిమిది అడుగులన్నరు, పదహారు తవ్విన్రు.*
*నాలుగొద్దులు వాన, మట్టి ఉబ్బింది.*
*భయం లేని మనిషి, నిచ్చెన దిగిండు మా నాయిన.*
*నిచ్చెన మిగిలింది.*
*అశోక్‌నగర్ల పచ్చ గేటు ఊడదీసి పక్కకేసిన్రు,*
*తాళం అట్లనే ఉన్నది గేటుకు.*
*నాయినను తీసి గేటు మీద పండవెట్టిన్రు.*
*తాళం వీపుల గుచ్చుకుంటదని అరిసిన.*
*ఎవ్వరు ఇనలే.*

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. తలనొప్పి అని చెప్పి కిందకి దిగాను.

మా పాత ఇంటికి పచ్చ గేటు ఉండేది. దాని తాళం పట్టేసి రాదు. అందుకే గొలుసు కోసి, తాళంతో సహా గేటు ఊడదీసి పక్కన పెట్టారు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఇల్లు బిల్డర్‌కు అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చి, మేము నల్లకుంటలో కిరాయికి ఉన్నాం, నాన్న రోజూ పొద్దున సైటుకు వెళ్ళొచ్చేవారు. ఆ వానాకాలంలో రెండు రోజులు పని ఆగింది. ఆ తర్వాత వాస్తు దోషమని సైట్లో హోమం చేయించారు. నేను కూడా వెళ్ళాను. టెంటు కింద కూర్చుని చక్కెర పొంగలి రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

నారాయణగూడ నుంచి ఇంటికి నడిచే వచ్చాను. నాన్న హాల్లో పేపర్ చదువుతున్నారు.

"నాన్నా, మన సెల్లార్ తవ్వేటప్పుడు ఏమన్న అయిందా?"

"ఏమయితది?"

"మట్టి కూలిందా?"

పేపర్ కిందకి దించలేదు. "చిన్న యాక్సిడెంట్. బిల్డర్ చూసుకున్నడు. మనకేం సంబంధం లేదు."

"మనిషి చచ్చిపోయిండా?"

"నీకెవరు చెప్పిన్రు?"

నాకు జవాబు దొరికింది. "ఆయన పేరేంది?" అన్నాను.

"లేబరోళ్ళ పేర్లు మనకేం తెలుస్తయిరా" అని పేజీ తిప్పారు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అది చెప్పకపోతే ఆమె ఎలాంటిదో చెప్పినట్టు కాదు. రెండు రోజుల తర్వాత, ఆమె క్లాసులో ఉండే వేళ చూసి ఒక్కణ్ణే స్టూడియోకు వెళ్ళాను. పచ్చ గేటు అని వచ్చే దగ్గర్నుంచి చివరిదాకా గిటార్ పైకి తెమ్మన్నాను.

సార్ కుర్చీ తిప్పి నన్ను చూశాడు. "ఇంత సాఫ్‌గ చెప్పిన పిల్లను ముంచమంటున్నవ్ బాబూ."

"మ్యూజిక్ కోసం సార్. అక్కడ జర జోరు కావాలె."

సార్ మళ్ళీ బల్ల వైపు తిరిగాడు. వేలితో మీట పైకి తోశాడు. నా గిటార్ లేచి ఆ అయిదు లైన్లను మింగేసింది. వినడానికి గొప్పగా కూడా ఉంది. అదే అన్నిటికంటే పాడు సంగతి.

శనివారం ముగ్గురం కలిసి వినడానికి కూర్చున్నాం. మొదటి మూడు పాటలకు ఆమె కదల్లేదు. నాలుగోది ఇదే. సోఫా అంచు మీద కూర్చుని, పెదాలు కదుపుతూ తన మాటలతో పాటే నడుస్తోంది. నిచ్చెన మిగిలింది. ఆ తర్వాత గిటార్ వచ్చింది. ఆమె పెదాలు ఆగిపోయాయి.

పాట అయిపోయేదాకా ఓపిక పట్టింది. తర్వాత అడిగింది.

"ఎవరు చేసిన్రిది?"

సార్ అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఇమ్రాన్ నన్ను చూశాడు.

"నేనే. మ్యూజిక్ కోసం" అన్నాను.

"మ్యూజిక్ కోసమా, గేటు కోసమా?"

 ఇమ్రాన్‌కు ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. 

"నీకు... ఎప్పటి సంది తెలుసు?" అని అడిగాను.

"నాకేం తెలుసుడన్నా, నేను ఆడ్నే ఉంటి. ఎండాకాలం సెలవులకు అమ్మ నాయిన దగ్గరికొచ్చి, వానలు పడ్డా పోలే. సైట్ల రేకుల షెడ్డుల ఉంటిమి. అప్పుడు నేను ఏడో తరగతి. లైబ్రరీ గేటు కాడ నీ కాగితం మీద అడ్రస్ చూసినంక రాకుంట ఉండలేకపోయిన. జాగ చూసి పోదామని వచ్చిన. మీరు పాడమన్నరు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

అప్పుడు నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది రెండోసారో మూడోసారో. చూడకపోయినా బాగుండేది.

"చెప్పిన గదా. ఏడాదిన్నర సంది నీ పక్కనే నిలవడి చెప్తున్న. నువ్వు వాయించుకుంటున్నవ్."

సంచీ పొట్టకు తగిలించుకుంది. తలుపు దగ్గర ఆగి, గొంతు పెంచకుండా అంది: "కేసు పెడ్తనని భయమైతుందేమో. పెట్ట. పెట్టాలంటే ఎప్పుడో పెడుదు. గీడ ఒక మనిషి దిగిండు అని ఆ బిల్డింగుల ఒక్కరికన్న తెల్వాలె, అంతే. గిటార్ నీది, బిల్డింగ్ నీది. గొంతు నాది. నా గొంతు తీసేయిన్రి సార్, మిగిలింది ఆయన ఇష్టం."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇమ్రాన్‌కు అంతా చెప్పాను.  "ఆమె లేకుంటే నేను వాయించ భాయ్" అని అతనూ లేచాడు.

మూడు రోజులు ఆమె ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు స్టూడియోకు వెళ్ళి గిటార్ కిందకి దించమన్నాను. సార్ అప్పటికే దించి పెట్టాడు. "నువ్వొస్తవని తెలుసు బాబూ, ఎన్ని రోజులకొస్తవో తెల్వదు, అంతే" అన్నాడు. ఆ పాటను ఫోన్‌లో వేసుకుని ఇంటికి వచ్చి, నాన్న ఎదురుగా టీపాయ్ మీద పెట్టి, చిన్న స్పీకర్‌కు కలిపాను.

"మేము చేసిన పాట నాన్నా. ఒక్కసారి విను."

మా పాటలు ఆయనెప్పుడూ వినలేదు. ఆ రోజు మొహమాటానికి కూర్చున్నారు. ఎనిమిది అడుగులన్నరు, పదహారు తవ్విన్రు అనగానే చేతిలో పేపర్ మడిచారు. గేటు దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. ఒక్క మాట పొల్లు పోలేదు. ఒక్క అక్షరం నలగలేదు. ఎవ్వరు ఇనలే అని పాట ఆగింది.

నాన్న స్పీకర్‌ను తన వైపు తిప్పుకున్నారు.

"నేను విన్న" అన్నారు.

"ఏందది?"

"ఆ పిల్ల అరుసుడు. నేను ఆడ్నే నిలవడ్డ. తాళం, తాళం అని అరిచింది. నాకు సమజయింది. జరిగి ఆ తాళం పక్కకు తీయాలె, అంతే గదా. నా కాళ్ళు రాలే." తర్వాత తనే అన్నారు: "కిష్టయ్య. ఆయన పేరు. రోజు పొద్దున నమస్తే పెట్టేటోడు."

అంతకు వారం కిందట పేర్లు మనకేం తెలుస్తాయన్న మనిషి. ఆయన్ని కోప్పడదామనుకున్నాను. కానీ అయిదు లైన్ల మీదికి గిటార్ తోసింది నేను.

ఆమెను లైబ్రరీ ఆవరణలో పట్టుకున్నాను. గోడవారన నలుగురైదుగురు పిల్లల మధ్య కూర్చుని, అదే శ్రుతిలో ఏదో బట్టీ పడుతోంది. నన్ను చూసి కూడా ఆ పేరా పూర్తయ్యేదాకా ఆపలేదు. పక్కన కూర్చుని చెప్పాను. గిటార్ దించామని చెప్పాను. నాన్న ఆ రోజు ఆమె అరుపు విన్నారని చెప్పాను.

పుస్తకం మూసి దాని మీద రెండు అరచేతులూ ఒత్తి పెట్టింది. 

"విన్నడా?"

"విన్నడట."

"ఇన్నేండ్లు ఎవ్వరికీ వినపడలేదనుకున్న" అంది. కోపమో ఊరటో నాకు తెలియలేదు. కాసేపటికి, "అమ్మను తోల్కొస్త ఆదివారం. అప్పుడంత బురద. ఇప్పుడు ఆ జాగ యాడున్నదో అమ్మకు తెల్వదు. మీ నాయినను చూపియ్యమను" అంది.

ఆదివారం పదకొండింటికి తల్లీ కూతుళ్ళు వచ్చారు. తల్లి సన్నటి మనిషి, కొంగు నిండుగా కప్పుకుని కూతురి వెనక నడిచింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వాలు కింద ఎదురుచూస్తున్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నమస్కారం ఎవరు ముందు పెట్టాలో తెలియక ఎవరూ పెట్టలేదు.

"యాడ?" అని అడిగింది తల్లి.

నాన్న వేలు చూపించారు. అక్కడ మా కారు ఉంది. ఏళ్ళుగా అక్కడే ఉంటోంది. నేను తాళాల కోసం పైకి పరిగెత్తబోతే, నాన్న జేబులోంచి తీసి తనే ఎక్కారు.  వెనక్కి తీస్తుంటే రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారికి కారు బయటికొచ్చింది. కింద నూనె మరకలు, ఎండిన ఆకులు. తల్లి వెళ్ళి ఆ బండల మీద కూర్చుంది.

కూతురు ఆమె దగ్గరికి వెళ్ళలేదు. స్తంభం పక్కన నిలబడింది. ఎప్పుడూ ఎత్తి పట్టుకునే గడ్డం ఆ రోజు కిందకి వాలి ఉంది.

"ఏదో పాడినవంట గదా బిడ్డా, వినిపియ్యి" అంది తల్లి.

ఇమ్రాన్ స్పీకర్ నేల మీద పెట్టాడు. సెల్లార్‌లో ఆ పాట మేము ఎన్నోసార్లు వాయించాం కానీ, అక్కడ దాన్ని వినడం అదే మొదలు. ఒక్కొక్క మాటా స్తంభాలకు తగిలి మా దగ్గరికి వచ్చింది. తల్లి తలవంచుకుని, పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకునే టీచరులా, ఒక్కో మాటకు తలూపుతూ వింది. పాట ఆగింది.

"అంత మంచిగనే చెప్పినవ్. ఒక్కటి తప్పు" అంది.

"ఏది?"

"భయం లేని మనిషి అన్నవ్. మీ నాయినకు భయమైంది బిడ్డా. మట్టి జారుతుంది, నేను దిగ అన్నడు. పని పోతది, ఊకె గునుస్తవేంది, పో అన్న. నేనే పొమ్మన్న."

నాన్న గోడకు చేయి ఆనించారు. కూతురు స్తంభం వదిలి ఒక అడుగు ముందుకేసింది.

"నేను యాడున్న అప్పుడు?" అని అడిగింది.

"పండుకున్నవ్. దుప్పటి తంతివి. కప్పిపోయిండు."

 ఆమె వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. ముట్టుకోలేదు. కాసేపటికి తల్లి కొంగు కొస తన వేలికి చుట్టుకుంది. పైనుంచి ఎవరో కారు దించబోయి, అడ్డంగా ఉన్న మా కారు చూసి హారన్ కొట్టారు. నాన్న వాలు మధ్యలోకి వెళ్ళి, చేయెత్తి ఆపారు. అపార్ట్‌మెంట్‌లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, "ఇయ్యాల దిగొద్దు. రోడ్డు మీద పెట్టుకో" అన్నారు. ఎందుకని అడిగితే చెప్పారు. అలా మా బిల్డింగులో రెండో ఇంటికి తెలిసింది. సాయంత్రానికి అందరికీ తెలిసింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆల్బమ్ వచ్చింది. పేరు "లోతు". మొదటి ఆల్బమ్‌ను ఇష్టపడ్డవాళ్ళు కొందరు మరీ నున్నగా ఉందని పెదవి విరిచారు. కొందరు మాత్రం, ఇది నిజంగా జరిగిందా, ఎక్కడ, అని రాసి అడిగారు. ఆ ప్రశ్నలను ఆమె ఒకటికి రెండుసార్లు చదివేది. అసోసియేషన్‌వాళ్ళు జనరేటర్ గదికి తాళం వేశారు. రెండు కచేరీలు చేశాక ఆమె పరీక్షల్లో మునిగిపోయింది, బ్యాండ్ దానంతటదే ఆగిపోయింది. తగువేమీ పడలేదు. నాన్న ఆ తర్వాత కారు మళ్ళీ అక్కడ పెట్టలేదు.

కానీ ఆమెను తలుచుకుంటే ఇవేవీ కాదు, ఆ ఆదివారం తర్వాతి సోమవారం గుర్తొస్తుంది. పొద్దున్నే ఫోన్ చేసి, ఒక లైను మళ్ళీ పాడాలని చెప్పింది. నేను వెళ్ళేసరికి నారాయణగూడ మెట్ల మీద కూర్చుని సార్ తలుపు తీసేదాకా కాచుకుంటోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సంచీ పొట్ట మీదే ఉంది.

లోపల మైకు ముందు నిలబడింది. సార్ దానికి ముందున్న లైను వినిపించి, చేయి ఊపాడు.

*భయపడుకుంటనే దిగిండు మా నాయిన.*

ఒక్కసారే పాడింది. గొంతు ఎక్కడా జారలేదు. గాజు అద్దానికి ఇవతల నుంచి నేను తర్వాతి లైను కోసం చూస్తున్నాను. తల్లి చెప్పిన మాట కూడా వస్తుందనుకున్నాను. మాట వినపడాలె అని ఏడాదిన్నర మా ప్రాణం తీసిన మనిషి గదా. ఆమె హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించింది.

బయటికొచ్చాక అడిగాను. "మరి అమ్మ చెప్పింది?"

"ఏం చెప్పింది?"

"పొమ్మన్నది తనే అని."

నన్ను సూటిగా చూసింది. "నిన్న నువ్వు విన్నవు, నేను విన్న. ఇమ్రానన్న, మీ నాయిన విన్నరు. చాలు. అది నా ముచ్చట గాదన్నా, ఆమెది. అది వినపడొద్దు."

సార్ లోపల్నుంచి కేకేశాడు. "ఇంకోసారి పాడుతవా బిడ్డా? ఊపిరి జర తగిలింది."

"తగలనియ్యిన్రి సార్" అంది. చెప్పులు వేసుకుని, పదింటి క్లాసుకు టైమైందని మెట్లు దిగి వెళ్ళిపోయింది.